పాపభీతి: కంచెయా? సంకెలయా?

వేమన పద్యాలు బోధిస్తున్న ఒకనాడు తరగతిలో ఒక విద్యార్థి లేచి, "సార్! పాపం, నరకం అనేవి జనాన్ని అదుపులో ఉంచడానికి పెద్దలు కల్పించిన మాటలేనా?" అని అడిగినాడు. కొందరు నవ్వినారు. మరికొందరు, అడగరాని మాట అడిగినాడన్నట్లు అతని వైపు చూచినారు. ఇంతలో గంట మ్రోగినది. గంట మ్రోగకున్నా నేను ఆనాడు సరియైన సమాధానం చెప్పగలిగేవాడిని కానేమో! అది అవిశ్వాసంతో పుట్టిన ప్రశ్న కాదు, ఆలోచనతో పుట్టినది. కనుక ఆలోచనతోనే దానికి బదులు చెప్పుట న్యాయం.

ముందుగా మాటల సంగతి చూద్దాం. తెలుగులో 'పాపం' అనే పదానికి రెండు ముఖాలున్నవి. చేసిన చెడ్డపనిని పాపమంటాము. కష్టంలో ఉన్నవానిని చూచి జాలిపడినప్పుడు కూడా "అయ్యో పాపం!" అనే అంటాము. ఉర్దూలో వాడే గునాహ్, దోజఖ్ అనే మాటలు ఫారసీ నుండి వచ్చినవి. జహన్నమ్ అనే అరబీ పదానికి మూలం జెరూసలేము ప్రక్కనున్న హిన్నోము లోయ యొక్క హీబ్రూ పేరులో ఉన్నదని భాషావేత్తలు చెబుతారు. మన భాగవతం పంచమ స్కంధంలో 28 నరకాల పేర్లున్నవి. ఇన్ని జాతులు, ఇన్ని భాషలు ఈ భావనను కలిగి ఉన్నప్పుడు, దీనిని ఎవరో ఒకరు ఒకనాడు కూర్చుండి కల్పించినారనుట సులభం కాదు. అయితే ఎవరు కల్పించినారన్నది ఒక ప్రశ్న, ఎవరు వాడుకొన్నారన్నది మరొక ప్రశ్న. మనకు ముఖ్యమైనది రెండవదే.

వాడుకొన్నవారు లేకపోలేదు. ఐరోపాలో క్రైస్తవ మఠాధిపతులు, మరణానంతర శిక్షను తగ్గిస్తామని చెప్పి పాపపరిహార పత్రాలకు సొమ్ము తీసుకొన్నారు. రోములోని సెయింట్ పీటర్ దేవాలయ నిర్మాణానికి ఆ ధనం కొంత వెళ్లినది. 1517లో మార్టిన్ లూథర్ తిరుగబడినది ఈ వ్యాపారం మీదనే. మతాన్ని మత్తుమందుతో పోల్చి కార్ల్ మార్క్స్ 1844లో వ్రాసినప్పుడు, ఆ విమర్శ వెనుక ఇటువంటి అనుభవాలు అనేకం ఉన్నవి.

అంత దూరం పోనక్కరలేదు. మన తెలంగాణలోని జోగిని దురాచారాన్ని చూడండి. నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల పల్లెలలో నిరుపేద దళిత కుటుంబాల ఆడపిల్లలను దేవత పేర విడిచేవారు. విడువకుంటే దేవతకు కోపం వస్తుందని, ఇంటికి రోగం, ఊరికి కరువు వస్తాయని తల్లిదండ్రులను భయపెట్టేవారు. పిల్ల దేవతకు చెందినదన్న పేరే గాని, అనుభవించినది ఊరి పెత్తందారులు. ఇక్కడ భయపడినది ఎవరు? కూలి చేసుకొనే తల్లి. లాభపడినది ఎవరు? భూమి గలవాడు. పాపమనే మాట అన్యాయం చేసేవానిని అడ్డగించక, అన్యాయానికి గురియైనవారిని కట్టివేసినది.

హైదరాబాదులో 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ ఈ ఆచారాన్ని ఎదిరించినారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చినా, నిజాం పాలనలోని తెలంగాణకు అది వర్తించలేదు. 1988లో గాని ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటికీ చట్టం రాలేదు. కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం నిజామాబాదు జిల్లాలో పనిచేసి జోగినులకు వివాహాలు జరిపించినారు. జోగిని పెండ్లి చేసుకొన్నా ఊరు ఊరుగానే ఉండుట ఆ భయానికి అన్నిటికంటె గట్టి జవాబు. చట్టం శిక్షించగలదు. మనసులోని భయాన్ని పోగొట్టడానికి మాత్రం మనుషులు పల్లెకు పోవలసినదే.

ఇంతవరకు చదివి, "అయితే ఆ విద్యార్థి మాటే నిజం కదా!" అని మీరు అనవచ్చును. తొందరపడకండి, రెండవ ప్రక్క కూడా ఉన్నది.

2012లో షరీఫ్, రెంతుల్లా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 67 దేశాల లెక్కలను పరిశీలించినారు. స్వర్గం మీది నమ్మకం కంటె నరకం మీది నమ్మకం ఎంత బలంగా ఉంటే నేరాలు అంత తక్కువగా కనబడినవట. రెండు విషయాలు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని చెప్పరాదు. అయినను పాపభీతి కొందరి చేతులను పట్టి ఆపుతుందనే మాట పూర్తిగా త్రోసివేయదగినది కాదు.

అసలు గ్రంథంలో ఆ హెచ్చరిక ఎవరికి చెప్పబడినదో గమనించండి. ఖురాన్‌లో ముతఫ్ఫిఫీన్ అధ్యాయం తూనికలో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ మొదలవుతుంది. హుమజా అధ్యాయంలోని అగ్ని, ఇతరులను ఎత్తిపొడుస్తూ ధనం కూడబెట్టి లెక్కించుకొనేవానికి. నిసా అధ్యాయంలోని అగ్ని అనాథల ఆస్తి మ్రింగేవారికి. చేవెళ్ల మార్కెట్టుకు రైతు టమాటా గంప తెచ్చినప్పుడు, కాటా దగ్గర నిలబడినవాని గుండెలో ఉండవలసిన భయమిది. తనిఖీ అధికారి లేనిచోట కూడా నీతి నిలబడాలంటే మనిషిలోపల ఒక కాపలా కావాలి. అటువంటి భయం బలహీనుని చేనుకు కంచె.

మరి మనం ఆ భయాన్ని ఎటు త్రిప్పినాము? పరుల ఇల్లు చూపినవాడు తన ఇల్లు కూడా చూపవలెను. నిసా అధ్యాయంలో కూతురికి కూడా తండ్రి ఆస్తిలో నిర్ణీతమైన వాటా చెప్పబడినది. ఆ వాటాల వివరం ముగిసిన వెంటనే, ఈ హద్దులు దాటినవారికి నరకాగ్ని హెచ్చరిక ఉన్నది. మా తాతగారు పోయినప్పుడు మా ఫుప్పీ తన హిస్సా మాట ఎత్తబోయినది. తోడబుట్టినవారి మీద ఆస్తికై నోరెత్తుట గునాహ్ అని చుట్టాలందరూ ఆమెను భయపెట్టినారు. ఆమె మాఫ్ చేసినానని చెప్పి కాగితం మీద వేలిముద్ర వేసినది. ఆ పొలం పంటతోనే నేను ఎం.ఏ. చదివినాను. గ్రంథం అన్నదమ్ములకు చూపిన నరకాన్ని మేము ఆడబిడ్డకు చూపినాము! రైలు పెట్టెల కర్మాగారం 2023లో మా కొండకల్‌కు వచ్చినది. ఎకరం ధర మాట వింటేనే అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కే కాలమిది. ఎందరు ఆడబిడ్డల వేలిముద్రలు ఆ ధరల క్రింద అణగి ఉన్నవో! ఈ సంగతి మా అబ్బాజాన్‌తో ప్రస్తావించినాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇంకను తేలలేదు. తేలే వరకు అడుగుతూనే ఉంటాను.

క్రీ.శ. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ, భయాన్ని, ఆశను జంటగా తీసుకొని తన ఇహ్యా గ్రంథంలో ఒక భాగమే వ్రాసినారు. ఎనిమిదవ శతాబ్దిలో బస్రాలో జీవించిన రాబియా ఒక చేత నిప్పు, మరొక చేత నీళ్లు పట్టుకొని వీధిలో నడిచినదని కథ. స్వర్గాన్ని కాల్చి, నరకాన్ని ఆర్పి, ప్రజలు దైవాన్ని ప్రేమతోనే కొలిచేటట్లు చేయాలని ఆమె కోరిక. మనమందరం రాబియా కాలేము. కాని భయం మెట్టు మాత్రమే, ఇల్లు కాదని ఆ కథ గుర్తు చేస్తుంది.

విద్యార్థి మిత్రులారా! పాపం, నరకం అనే మాటలు ఎవరైనా మీ ముందు పలికినప్పుడు రెండు ప్రశ్నలు వేయండి. ఈ మాటకు భయపడవలసి వస్తున్నది ఎవరు? ఆ భయం వలన లాభపడుతున్నది ఎవరు? బలవంతుడు భయపడి బలహీనుడు బాగుపడితే అది ధర్మం. బలహీనుడు భయపడి బలవంతుడు బాగుపడితే అది పెత్తనం, దానికి మతం పేరు పెట్టినా సరే.

ఆనాడు ప్రశ్న వేసిన విద్యార్థికి గంట మ్రోగక ముందు నేను ఇవ్వలేకపోయిన సమాధానం ఇదే. అతనికి ఇది ఆలస్యంగా అందుతున్నది. మా ఫుప్పీకి అందవలసినది ఇంతకంటె ఆలస్యం కాకూడదు.