పేనుబంక ఒంట్లో బ్యాక్టీరియా.. 16 కోట్ల ఏళ్ల కాపురంలో నష్టపోయింది ఎవరు?

వేరుశనగ, మినుము, పెసర చేలల్లో లేత చిగుళ్లకు గుంపులుగా అంటుకుని రసం పీల్చేసే పేనుబంక గురించి రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే ఈ పురుగు ఒంటరిగా బతకదు. దాని ఒంట్లో ప్రత్యేకమైన కణాలుంటాయి. వాటి లోపల బుక్నెరా అనే బ్యాక్టీరియా కాపురం ఉంటోంది. ఇలాంటి సహజీవనంపై విస్తృతంగా పరిశోధించిన జర్మన్ శాస్త్రవేత్త పాల్ బుక్నర్ పేరే దానికి పెట్టారు.

అసలు ఈ బ్యాక్టీరియా అక్కడ ఏం చేస్తోంది? మొక్కల రసంలో చక్కెర పుష్కలంగా ఉంటుంది. కానీ ఒళ్లు పెరగడానికి కావాల్సిన అమైనో ఆమ్లాలు చాలా తక్కువ. రోజూ పంచదార నీళ్లు మాత్రమే తాగి బతకమంటే మన పరిస్థితీ అంతే కదా! ఆ లోటును బుక్నెరా తీరుస్తుంది. ల్యాబ్‌లో యాంటీబయాటిక్‌తో దాన్ని చంపేస్తే పేనుబంక సరిగా ఎదగదు, పిల్లలు పెట్టడం దాదాపు ఆగిపోతుంది.

ఈ బంధం ఎప్పటిది? 1990ల్లో అమెరికా శాస్త్రవేత్తలు పాల్ బామన్, నాన్సీ మోరాన్ బృందం దీన్ని తేల్చింది. రకరకాల పేనుబంకల్లోని బుక్నెరా జన్యువులను పోల్చి ఓ వంశవృక్షం గీశారు. దాన్ని పురుగుల వంశవృక్షం పక్కన పెట్టి చూస్తే.. కొమ్మకు కొమ్మ సరిపోయింది! అంటే ఈ బ్యాక్టీరియా ఎప్పుడో ఒక్కసారే, పేనుబంకల మూల పూర్వీకురాలి ఒంట్లోకి చేరింది. అప్పటి నుంచి తల్లి నుంచి పిల్లకు వస్తోందే తప్ప ఒక జాతి నుంచి ఇంకో జాతికి మారలేదు. దోమలు సహా ఎన్నో కీటకాల్లో ఉండే వోల్బాకియా అలా కాదు. అది జాతులు మారుతుంది. అందుకే దాని వంశవృక్షం కీటకాలతో కుదరదు.

బ్యాక్టీరియా శిలాజాలు దొరకడం కష్టం. కానీ పేనుబంకల శిలాజాలు ఉన్నాయి. వాటి ఆధారంగా లెక్కేస్తే ఈ కాపురం వయసు 16 నుంచి 28 కోట్ల ఏళ్లు. తక్కువ లెక్కే తీసుకున్నా.. డైనోసార్లు తిరుగుతున్న కాలమది.

ఇన్నాళ్ల కాపురానికి బుక్నెరా పెద్ద మూల్యమే చెల్లించింది. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు దాని జన్యుపటాన్ని పూర్తిగా చదివారు. ఉన్నవి సుమారు 6.4 లక్షల అక్షరాలే. దూరపు చుట్టమైన ఈ.కోలికి దాదాపు 46 లక్షలు! కావాల్సినవన్నీ ఇంట్లోనే దొరకడంతో వాడని జన్యువులు ఒక్కొక్కటిగా పోయాయి. బయటి బ్యాక్టీరియాతో కలిసే వీల్లేదు కాబట్టి పోయినవి తిరిగి రావు. ఇప్పుడది బయట బతకలేదు.

ఎండ కూడా దానికి పడదు. బఠాణీ పేనుబంకపై 2007లో వచ్చిన పరిశోధన చూస్తే ఆశ్చర్యమేస్తుంది. బుక్నెరా వేడిని తట్టుకునే జన్యువు దగ్గర ఒక్క అక్షరం ఎగిరిపోతే చాలు.. చిన్నప్పుడు వేడి తగిలిన పురుగులకు పిల్లలు పుట్టడమే కష్టమైంది. చల్లటి వాతావరణంలో మాత్రం అదే లోపమున్నవి మిగతా వాటికంటే బాగా పిల్లల్ని పెట్టాయి.

మరి పురుగు పరిస్థితి? దేవదారు చెట్లపై ఉండే ఓ రకం పేనుబంకలో బుక్నెరా ఇంకా చిక్కిపోయింది. దాని పనిలో కొంత సెరాటియా అనే మరో బ్యాక్టీరియా చూసుకుంటోంది. ఇంకొన్ని రకాల్లోనైతే బుక్నెరా అసలు లేనే లేదు. ఆ చోట్లోకి ఈస్ట్ లాంటి ఓ ఫంగస్ వచ్చి చేరింది. పేనుబంక మాత్రం హాయిగా రసం పీలుస్తూనే ఉంది.