కలప లోగుట్టు చెప్పే పరారుణ కిరణాలు

కాగితపు మిల్లుకు చేరే కలపను సాధారణంగా టన్నుల లెక్కన తూచి ధర కడతారు. మిల్లుకు నిజంగా అవసరమైనది మాత్రం బరువు కాదు, అందులోని సెల్యులోజ్ నారలు. తేమ బరువును పెంచుతుందే గాని గుజ్జును పెంచదు. లిగ్నిన్ ఎక్కువైతే దానిని కరిగించి తొలగించేందుకు రసాయనాలు, ఆవిరి అధికంగా ఖర్చవుతాయి. అందువల్లే ఒకే బరువు తూగిన రెండు లారీల కలప నుంచి ఒకే పరిమాణంలో గుజ్జు రాదు. ఈ తేడాను నిమిషాల్లో అంచనా వేయగల సాధనం పరారుణ వర్ణపట విశ్లేషణ.

పొడి కలప బరువులో 40 నుంచి 50 శాతం వరకు సెల్యులోజ్ ఉంటుంది. దానిని అల్లుకొని హెమిసెల్యులోజ్, ఆ రెండింటినీ బిగించి పట్టే బంకలా లిగ్నిన్ ఉంటాయి. లిగ్నిన్‌ను కొలిచే సంప్రదాయ పద్ధతి శ్రమతో కూడుకున్నది. కలపను పొడి చేసి, ద్రావణులతో రంగులు, జిగురులు తొలగించి, 72 శాతం గాఢత గల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నానబెట్టి, నీరు కలిపి మరిగించి, కరగకుండా మిగిలిన దానిని ఆరబెట్టి తూచాలి. ఒక్క నమూనాకే రోజులు పడుతుంది. వేల చెట్లను పోల్చి చూడవలసిన వృక్ష ప్రజనన శాస్త్రవేత్తకు ఇది సాధ్యమయ్యే పని కాదు.

విలియం హెర్షెల్ 1800లో సూర్యకాంతి వర్ణపటంలో ఎరుపు రంగుకు అవతల ఉష్ణమాపకాన్ని ఉంచి, కంటికి కనిపించని ఈ కిరణాలను గుర్తించారు. అణువుల్లోని బంధాలు నిరంతరం కంపిస్తుంటాయి. ప్రతి బంధమూ తన కంపనానికి సరిపోయే పరారుణ కిరణాన్నే గ్రహిస్తుంది. ఏ కిరణం ఎంత తగ్గిందో గీసిన రేఖే వర్ణపటం. అందులో సెంటీమీటరుకు సుమారు 1510 తరంగాల వద్ద కనిపించే శిఖరం లిగ్నిన్‌లోని బెంజీన్ వలయాలది. 1735 వద్ద కనిపించేది ప్రధానంగా హెమిసెల్యులోజ్‌ది. గోధుమరంగు కుళ్లు తెగులు సోకిన కలపలో శిలీంధ్రం హెమిసెల్యులోజ్, సెల్యులోజ్‌లను తినివేసి లిగ్నిన్‌ను చాలావరకు వదిలేస్తుంది. అప్పుడు 1735 శిఖరం కుంగి, 1510 శిఖరం పొడుచుకొస్తుంది. పాత ద్వారబంధాల పరిరక్షకులకు ఇది ఎంతో ఉపయోగపడే సంకేతం.

పరిశ్రమలో ఎక్కువగా వాడేది 780 నుంచి 2500 నానోమీటర్ల మధ్యనున్న సమీప పరారుణం. కలపను పొడి చేయకుండానే దీనితో పరీక్షించవచ్చు. నిలిచి ఉన్న చెట్టు నుంచి పెన్సిలంత సన్నని నమూనా తీస్తే చాలు, చెట్టును నరకనక్కరలేదు. భద్రాచలం సమీపంలోని సారపాక, రాజమహేంద్రవరం మిల్లులకు జామాయిల్, సుబాబుల్, సరుగుడు పండించే తెలుగు రైతులకు దీనితో నేరుగా సంబంధం ఉంది. తల్లి చెట్టు ఎంపికలో పొరపాటు జరిగితే, దాని క్లోన్ మొక్కలు నాటిన పొలంలో ఆ నష్టం కోతకొచ్చే వరకు, అంటే నాలుగైదేళ్లపాటు నిలిచి ఉంటుంది.

అయితే ఈ యంత్రం తనంతట తాను శాతాలు చెప్పలేదు. సమీప పరారుణ వర్ణపటంలో శిఖరాలు ఒకదానిపై ఒకటి పడి కలిసిపోతాయి. ముందుగా అనేక నమూనాలను ఆమ్ల పద్ధతిలోనే కొలిచి, ఆ ఫలితాలను వాటి వర్ణపటాలతో గణితపరంగా జతచేయాలి. జామాయిల్‌కు సరిచేసిన లెక్క సుబాబుల్‌కు పనికిరాకపోవచ్చు. 1450, 1940 నానోమీటర్ల వద్ద నీరు బలంగా అడ్డుపడుతుంది గనుక పచ్చి కలపకు, ఎండిన కలపకు ఒకే లెక్క వర్తించదు. తేమను కొలిచేందుకు ఉపకరించేది కూడా ఆ గుణమే కావడం విశేషం.

నాణ్యతను బట్టి ధర కట్టే ఏర్పాటు వస్తే తక్కువ తేమ, ఎక్కువ గుజ్జు ఉన్న కలప తెచ్చిన రైతుకు లాభమే. కానీ ఆ లెక్కను ఏ నమూనాలతో సరిచేశారో, ఎవరు తనిఖీ చేశారో రైతుకు తెలియనంత కాలం తూనికరాయిపై ఉన్నంత నమ్మకం ఈ అంకెపై కలగదు. పైగా కిరణం చూసేది కలప పైపొరలోని కొద్ది మిల్లీమీటర్లనే. లారీలో ఏ దుంగను, బెరడు తీసి చూశారా తీయకుండానా అన్నదానిపై ఫలితం మారిపోతుంది.