నీళ్ళలో ఊపిరాడని కొరమేను

దెందులూరు, ఏలూరు వైపు కొరమేనును ప్రాణంతోనే అమ్ముతారు. టబ్బులో బెత్తెడు నీళ్ళుంటే చాలు. కాసేపు ఆగి చూడండి. అడుగున కదలకుండా పడి ఉన్న చేప ఉన్నట్టుండి తల పైకెత్తి, నీటి మీద నోరు తెరిచి, ఓ గుక్క గాలి పట్టి మళ్ళీ కిందికి జారిపోతుంది. ఎదిగిన కొరమేనును అలా పైకి రానివ్వకుండా ఆపేస్తే, నీరెంత మంచిదైనా ఊపిరాడక చచ్చిపోతుంది. చేప నీళ్ళలో ఊపిరాడక చావడమేమిటి?

కారణం దాని పూర్వీకులు బతికిన నీటిలో ఉంది. లీటరు గాలిలో సుమారు 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీటిలో మహా అయితే ఐదారు మిల్లీలీటర్లు. ఎండాకాలం చెరువు అడుగంటి, నాచూ ఆకులూ కుళ్ళితే అదీ మిగలదు. అలాంటి చోట పైగాలి పీల్చగలిగిన చేపలే బతికి పిల్లల్ని పెట్టాయి. తరాలు గడిచేసరికి కొరమేనుకు మొప్పల పైన, తలలోనే, సన్నని రక్తనాళాలు పరుచుకున్న గాలి గది ఏర్పడింది. మార్పు, ఇంగిలాయి అనే చేపలకూ ఇలాంటి ఏర్పాట్లే వేరే రూపాల్లో ఉన్నాయి. ఈ అవయవాలు చేపపిల్లల్లో ఎలా రూపుదిద్దుకుంటాయో బి.కె. దాస్ 1927లోనే లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వివరించారు. తర్వాత ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యులయ్యారు.

చిక్కంతా రక్తం నడిచే దారిలో ఉంది. గాలి గదిలో ఆక్సిజన్ నింపుకున్న రక్తం నేరుగా ఒంటికి వెళ్ళాలి. కానీ వెళ్ళదు. సిరల్లో పడి గుండెకు చేరి, ఒళ్ళంతా తిరిగి వచ్చిన వాడిన రక్తంతో కలుస్తుంది. చేప గుండెకు కర్ణిక ఒకటే, జఠరిక ఒకటే. మంచి రక్తాన్ని విడిగా ఉంచే గోడ లేదు. ఆ కలిసిన రక్తంలో కొంత మళ్ళీ మొప్పల మీదుగానే పోవాలి. బయటి నీటిలో ఆక్సిజన్ తక్కువైతే, పైనుంచి కష్టపడి తెచ్చుకున్నది మొప్పల్లోంచి నీటిపాలవుతుంది. ఆ నష్టం తగ్గాలంటే మొప్పలు చిన్నవి కావాలి. అలాగే అయ్యాయి. చిన్నవైన మొప్పలతో మంచి నీటిలో కూడా సరిపడా ఊపిరి అందదు. అందుకే ఆ చావు.

ఒక్క రక్తనాళం దారి మళ్ళిస్తే పోయేది కదా అనిపిస్తుంది. ఇంజనీరైతే పని ఆపి, పాతది విప్పి, కొత్తగా బిగిస్తాడు. పరిణామానికి ఆ వీలు లేదు. కాపురం ఉంటూనే ఇల్లు మార్చుకోవాలి. ఒక్క రాత్రి కూడా పొయ్యి ఆరకూడదు. మధ్యలో వచ్చే ప్రతి తరమూ బతకాలి, పిల్లల్ని కనాలి. పదో మార్పు మేలు చేస్తుందని ఐదో మార్పులో నష్టాన్ని ప్రకృతి వరణం భరించదు. ముందుచూపు దానికి లేదు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రాన్స్వా జాకబ్ 1977లో ఇదే చెప్పాడు: పరిణామం ఇంజనీరు కాదు, చేతికందిన పాత సామానుతో పని జరుపుకునే మనిషి లాంటిది.

మన గొంతులో కూడా ఆ పాత సామానే ఉంది. ఊపిరితిత్తులు అన్నవాహిక కింది వైపు నుంచి మొలిచాయి, ముక్కు పైన ఉంది. అందుకని గాలి దారీ అన్నం దారీ గొంతులో అడ్డంగా దాటుకోక తప్పదు. పొలమారినప్పుడు ఎవరో తలుచుకుంటున్నారంటాం. నిజానికి అది చేపల కాలం నుంచి వచ్చిన ఇబ్బంది. పసిపిల్లలకు వేరుశనగ గింజలు పెట్టకూడదనేది అందుకే.

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చెలది మరో కథ. నదీప్రవాహాల్లో పెరిగిన జాతులు కాబట్టి వాటికి గాలి గది అవసరం పడలేదు. ఇప్పుడవి మేతతో, ఎరువుతో చిక్కబడిన నిలవ నీటిలో ఉన్నాయి. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రంతా దాన్ని తాగేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకి లేచి నోళ్ళు తెరుస్తాయి. రైతు పరుగున వెళ్ళి ఏరేటర్ వేస్తాడు. నిన్నటి నీటికి తగిన ఒళ్ళు నేటి నీటికి తగ్గట్టు మారాలంటే ఎన్నో తరాలు పడుతుంది. అంతవరకూ ఆ లోటు మనుషులే పూడ్చాలి. కొరమేనును ఇంటికి తెచ్చుకునేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. డబ్బాను మూతదాకా నీళ్ళతో నింపకండి. సగం ఖాళీగా వదిలి, మూతకు చిల్లులు పెట్టండి.