చిన్న కెమెరాకు చౌక ఫ్లాష్ ట్రిగ్గర్: అపోహలు – వాస్తవాలు

కెమెరా నెత్తిన కూర్చున్న ఫ్లాష్ వెలిగిందంటే ముఖం సున్నం కొట్టిన గోడలా తేలిపోతుంది. వెనక గోడ మీద నల్లటి నీడ అంటుకుంటుంది. అదే ఫ్లాష్‌ను తీసి నాలుగడుగులు పక్కకు, కాస్త ఎత్తున పెడితే ముక్కుకూ చెంపకూ ఆకారం వస్తుంది. దూరంగా ఉన్న ఆ ఫ్లాష్‌కు తీగ లేకుండా రేడియో తరంగాలతో కబురందించేదే వైర్‌లెస్ ట్రిగ్గర్. అది చెప్పేది ప్రధానంగా ఒక్క మాట: ‘ఇప్పుడు’. వెలుగిచ్చేది ఫ్లాష్, దాన్ని మెత్తబరిచేది ఫ్లాష్ ముందు పెట్టే తెల్ల గొడుగు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే ట్రిగ్గర్ల గురించి వినిపించే మాటల్లో గింజేదో పొల్లేదో తెలిసిపోతుంది.

అపోహ: కెమెరా పైన ఫ్లాష్ బిగించే చోటుంటే ఏ ట్రిగ్గరైనా పనిచేస్తుంది.

వాస్తవం: బిగించే గాడి (హాట్ షూ) ఉన్నంత మాత్రాన కబురు వెళ్లదు. హాట్ షూ మధ్యలో గుండ్రటి లోహపు చుక్క ఒకటి ఉంటుంది. షట్టర్ తెరుచుకున్న క్షణాన ఆ చుక్కకూ గాడి అంచుకూ మధ్య సర్క్యూట్ కలుస్తుంది. చౌక ట్రిగ్గర్లు బతికేది ఆ చుక్క మీదే. కానన్ జీ12, ఫుజీఫిల్మ్ ఎక్స్100, రికో జీఆర్ 3, పానసోనిక్ ఎల్ఎక్స్100 లాంటి చిన్న కెమెరాలకు హాట్ షూ ఉంది. కానన్ జీ7 ఎక్స్‌కూ, సోనీ తొలి ఆర్ఎక్స్100కూ అసలు షూనే లేదు. పెద్ద కెమెరా అయితే బెంగ లేదనుకోవడమూ పొరపాటే. కానన్ 1500డి, 3000డి, 200డి మార్క్ 2 మోడళ్లలో షూ ఉంది కానీ నడిమి చుక్క లేదు. అందుకే కొనడానికి బయల్దేరే ముందు మీ కెమెరా నెత్తి ఒకసారి చూసుకోండి.

అపోహ: హాట్ షూ లేకపోతే ఆశ వదులుకోవలసిందే.

వాస్తవం: వదులుకోవలసింది రేడియో ట్రిగ్గర్ మీద ఆశ మాత్రమే. గొడాక్స్ టీటీ600, యాంగ్నువో వైఎన్560 లాంటి చౌక ఫ్లాష్‌లలో ఆప్టికల్ స్లేవ్ ఉంటుంది. కెమెరాలోని బుల్లి ఫ్లాష్ మెరిస్తే, ఆ మెరుపు చూసి ఇదీ మెరుస్తుంది. ట్రిగ్గర్ ఖర్చు సున్నా.

చిక్కు ఎక్కడంటే, ఎంత వెలుగు కావాలో కొలుచుకోవడానికి చాలా కెమెరాలు అసలు మెరుపుకు ముందే ఒక చిన్న మెరుపు పంపుతాయి. స్లేవ్ దానికే మోసపోయి వెలిగేస్తుంది. కంటికి వెలుగు కనిపించినా ఫొటో చీకటిగా వస్తే కారణం ఇదే. ఫ్లాష్‌లో ఎస్1, ఎస్2 అని రెండు పద్ధతులుంటాయి. ఎస్1 మొదటి మెరుపుకే వెలుగుతుంది, ఎస్2 ముందు మెరుపును వదిలేసి అసలుదాని కోసం ఆగుతుంది. ఎస్2 పెట్టి, కెమెరాలో రెడ్-ఐ సవరణ ఆపేస్తే సమస్య చాలావరకు తీరుతుంది. బుల్లి ఫ్లాష్ వెలుగు ముఖం మీద పడకూడదంటే, కడిగిన పాత కలర్ ఫిల్మ్ చివరి నల్ల ముక్కను దానికి అడ్డం పెట్టండి. కంటికి కనిపించే వెలుగు చాలావరకు ఆగిపోతుంది, పరారుణ కాంతి దాటుకెళ్లి స్లేవ్‌ను లేపుతుంది.

మిట్టమధ్యాహ్నపు ఎండలో మాత్రం స్లేవ్ కన్ను సరిగా పనిచేయదు. ఇక పెళ్లిలో అయితే పెళ్లికొడుకు మేనమామ తీసే ఫొటోకు కూడా మీ ఫ్లాషే వెలుగుతుంది.

అపోహ: ఫ్లాష్ వాడితే షట్టర్ వేగం 1/200 దాటకూడదు.

వాస్తవం: ఇది డీఎస్ఎల్ఆర్ వాళ్ల నియమం. వాటిలో సెన్సర్ ముందు రెండు తెరలు పరుగెడతాయి. సుమారు 1/200, 1/250 దాటితే సెన్సర్ ఒకేసారి మొత్తం తెరుచుకోదు, సన్నని చీలిక మాత్రమే జరుగుతూ పోతుంది. అప్పుడు ఫ్లాష్ వెలిగితే ఫొటోలో నల్లపట్టీ పడుతుంది. ఎక్స్100, జీఆర్ 3 లాంటి చిన్న కెమెరాలలో షట్టర్ లెన్సులోనే ఉంటుంది. అది పువ్వులా విచ్చుకుని ముడుచుకుంటుంది కాబట్టి పట్టీ బాధ లేదు.

దీని లాభం ఎండలో తెలుస్తుంది. 1/250, ఎఫ్/11 దగ్గర వెనక ఆకాశం సరిగ్గా వస్తోందనుకుందాం. రెండు మీటర్ల దూరంలోని మనిషికి ఫ్లాష్ అందాలంటే గైడ్ నంబర్ (ఫ్లాష్ సత్తాను చెప్పే అంకె; ఎఫ్ సంఖ్యను మీటర్లలో దూరంతో గుణిస్తే వస్తుంది) 22 కావాలి (11 × 2). అదే 1/1000, ఎఫ్/5.6 పెడితే ఆకాశం మారదు, కావలసిన గైడ్ నంబర్ మాత్రం 11కు దిగుతుంది. అంటే ఫ్లాష్ నాలుగో వంతు శక్తితో సరిపెట్టుకుంటుంది. ఎండలో పెద్ద లైటు మోయలేనివాడికి చిన్న కెమెరా చేసే మేలు ఇది.

రెండు జాగ్రత్తలు. ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే చాలా కెమెరాలలో ఫ్లాష్ వెలగదు, మెకానికల్‌కు మార్చుకోండి. రెండోది, ట్రిగ్గర్ ‘ఇప్పుడు’ అనడంలో రవ్వంత ఆలస్యం చేసినా 1/1000 దగ్గర వెలుగు తెగిపోతుంది. మంచి ట్రిగ్గర్‌కూ నాసిరకానికీ అసలు తేడా బయటపడేది ఇక్కడే.

అపోహ: టీటీఎల్ లేని ట్రిగ్గర్ కొంటే డబ్బు దండగ.

వాస్తవం: టీటీఎల్ అంటే వెలుగెంత కావాలో కెమెరాయే కొలిచి ఫ్లాష్‌కు చెప్పడం. ఊరేగింపులో క్షణక్షణం దూరం మారే మనుషులను తీసేవారికి అది అక్కరకొస్తుంది. కుర్చీలో కూర్చున్న మనిషికో, బల్ల మీద పెట్టిన పులిహోర గిన్నెకో దాని అవసరమేముంది? ఒక ఫొటో తీసి, చూసి, ఫ్లాష్ శక్తిని సగానికి తగ్గించో పెంచో ఇంకొకటి తీస్తే సరి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుందన్న లెక్క ఒంటబడితే మూడో ఫొటోకే కుదురుతుంది.

అపోహ: అన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌వే, ఏ ట్రిగ్గర్‌తో ఏ ఫ్లాష్ అయినా కలుస్తుంది.

వాస్తవం: గాలి ఒకటే, భాషలు వేరు. కెమెరా మీద పెట్టే గొడాక్స్ ట్రాన్స్‌మిటర్ మాట యాంగ్నువో ఫ్లాష్‌లోని రిసీవర్‌కు అర్థం కాదు. అందుకే ముందు ఫ్లాష్ ఏదో తేల్చుకుని, ఆ కుటుంబంలోని ట్రిగ్గర్ తీసుకోవాలి. టీటీ600, వైఎన్560 మూడు, నాలుగో తరాలలో రిసీవర్ లోపలే ఉంది కాబట్టి ఒక్క ట్రాన్స్‌మిటర్ చాలు. లోపల లేని ఫ్లాష్‌కైతే ఒక్కోదానికి ఒక్కో రిసీవర్ కొనాలి. చౌకగా కనిపించిన బేరం అక్కడే బరువెక్కుతుంది.

అపోహ: 100 మీటర్లు అందేదే మంచి ట్రిగ్గర్.

వాస్తవం: డబ్బా మీది అంకె అడ్డేమీ లేని మైదానానిది. మన గదుల్లో ఫ్లాష్ పది మీటర్లు దాటి ఉండేది అరుదు. వెలగనప్పుడు దూరాన్ని నిందించకముందు బ్యాటరీలు, చానల్, షూలో చేరిన దుమ్ము చూడండి.

అపోహ: పాత ఫ్లాష్ పెడితే కెమెరా కాలిపోతుంది.

వాస్తవం: భయంలో నిజముంది. వివిటార్ 283 అనే పాత ఫ్లాష్ తొలినాటి నమూనాల ట్రిగ్గర్ వోల్టేజీ 200 కూడా దాటేది. దాన్ని నేరుగా డిజిటల్ కెమెరా మీద పెట్టకూడదు. రేడియో ట్రిగ్గర్ వాడితే ఫ్లాష్‌కూ కెమెరాకూ మధ్య గాలే తప్ప తీగ లేదు కనుక కెమెరాకు ముప్పు తప్పుతుంది, రిసీవర్ తట్టుకుంటుందో లేదో మాత్రం చూసుకోవాలి.

కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా పరీక్ష ఒకటే. మీ కెమెరా, మీ ఫ్లాష్ పెట్టి తెల్లగోడను ఇరవైసార్లు తీయండి, ముందు 1/125 దగ్గర, తర్వాత, షట్టర్ లెన్సులోనే ఉన్న కెమెరా అయితే, 1/1000 దగ్గర. ఇరవైకి ఇరవై ఒకేలా వెలిగితే, అతి చౌకదైనా సరే, ట్రిగ్గర్ తన పని చేసినట్టే. మిగిలిన డబ్బుతో ఒక స్టాండూ తెల్ల గొడుగూ కొనుక్కోండి.