‘ఫ్రీ వీసా’కూ ఓ కఫీల్ ఉంటాడు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. వెల్డింగ్ నేర్చుకుని గల్ఫ్ విమానం ఎక్కడానికి అన్నాళ్లు అక్కర్లేదు. అంతకుముందు నుంచే ఉన్న ఈ దారిలో ఏజెంటు మాటలూ అంతే పాతవి.

వాటిలో పెద్దది “ఫ్రీ వీసా”. కంపెనీ వీసా అయితే కట్టిపడేస్తారట, ఫ్రీ వీసా అయితే నచ్చిన చోట కాంట్రాక్టు పట్టుకోవచ్చట. గల్ఫ్ చట్టాల్లో అలాంటి వీసాయే లేదు. దాని మీదా ఓ కఫీల్ (స్పాన్సరు) పేరు ఉంటుంది. అతని దగ్గర పని ఉండదు, వీసా అమ్ముకోవడమే అతని వ్యాపారం. ఇకామాలో (నివాస అనుమతి కార్డులో) యజమాని ఒకరు, హెల్మెట్ మీద పేరు మరొకరిది. తనిఖీలో దొరికితే జరిమానా, ఆపై ఇంటిదారి. సౌదీలో కఫీల్‌కు కోపమొచ్చి “పారిపోయాడు” అని రాయించాడా (దాన్ని హురూబ్ అంటారు), ఇకామా చేతిలో ఉన్నా చెల్లకుండా పోవచ్చు. లక్షలు పోసి కొన్న స్వేచ్ఛ ఇది!

చట్టబద్ధంగా సొంత పని చేసుకునే దారి లేకపోలేదు. ఎమిరేట్స్ 2022 నుంచి ఫ్రీలాన్సర్లకు ఐదేళ్ల గ్రీన్ వీసా ఇస్తోంది. దానికి డిగ్రీ లేదా ప్రత్యేక డిప్లొమా ఉండాలి. గత రెండేళ్లలో సొంత పని మీద ఆదాయం 3,60,000 దిర్హాములకు తగ్గకూడదు, లేదా అక్కడ బతకగల స్తోమత చూపాలి. కాశీబుగ్గ సబ్ ఏజెంటు సంచిలో దొరికే సరుకు కాదు.

“ముందు విజిట్ వీసా మీద దిగు, మిగతాది అక్కడ చూసుకుంటారు” అనేది ఇంకోటి. పర్మిట్ లేనివారిని పనిలో పెట్టుకుంటే యజమానికి లక్ష నుంచి 10 లక్షల దిర్హాముల జరిమానా అని ఎమిరేట్స్ 2024లో చట్టం బిగించింది. పదో తరగతి దాటనివారికి ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టుతో గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దాంతోపాటే 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది. విజిట్ వీసా వాడికి ఈ రెండూ ఉండవు. అన్నట్టు, రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే చట్టవిరుద్ధం.

“గల్ఫ్ సొమ్ముకు ఇక్కడ పన్నేమిటి?” అనేవారు రోజులు లెక్కపెట్టుకోవాలి. ఉపాధికి వెళ్లే భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడుంటే పన్ను లెక్కలో ఇక్కడి నివాసే. సొంత పనికి వెళ్లినా ఇదే లెక్కని 2011లో కేరళ హైకోర్టు చెప్పింది. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30కే 183 రోజులవుతాయి. అక్టోబరులో దసరా చూసుకుని ఎక్కితే ఆ మార్చి దాకా వచ్చిన గల్ఫ్ సంపాదన కూడా ఇక్కడి రిటర్న్‌లోకి వస్తుంది. కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు జీతానికి పన్ను పడకపోవచ్చు, అక్కడి బ్యాంకు ఖాతా మాత్రం చూపాల్సిందే.

ఎన్‌ఆర్‌ఐ అయ్యాక కూడా ఊళ్లో వచ్చే అద్దె మీద పన్ను ఉంటుంది. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి లేదు, ఎన్‌ఆర్‌వో వడ్డీకి ఉంది. తోటలో రాలిన జీడిపిక్క వ్యవసాయ ఆదాయం. ఆ పిక్క కాల్చి పప్పు తీసి అమ్మితే, పప్పు మీద వచ్చిన లాభం వ్యాపారం కిందికి వస్తుంది.