ఒక డబ్బా – రెండు సిస్టమ్‌లు

 

సంక్రాంతి సెలవులకు నేను హైదరాబాద్ మాదన్నపేటకు పోయిన. మా పెదనాయన కొడుకు అక్కడ కూరగాయల మండి దగ్గర ఒక డీటీపీ షాపులో పని చేస్తడు. పెళ్లి కార్డులు, కరపత్రాలు తయారు చేస్తడు. అక్కడ చూసి నేర్చుకున్నది మీ కోసం రాస్తున్నాను.

షాపు కంప్యూటర్ పాతది. దాంట్లో విండోస్ 10 ఉంది. 2025 అక్టోబర్ 14తో దానికి కంపెనీ ఇచ్చే మామూలు మద్దతు అయిపోయింది. విండోస్ 11 ఈ పాత డబ్బాకు ఎక్కదు. నెట్ పెడితే వైరస్ భయం. కొత్తది కొందామంటే సేటు దగ్గర పైసలు లేవు. ఉచితంగా దొరికే లైనక్స్ వేద్దామంటే ఇంకో చిక్కు. కార్డులు చేసే పేజ్‌మేకర్, అను ఫాంట్లు విండోస్ మీద నడిచేవి. పాత ఫైళ్లన్నీ వాటిల్లోనే ఉన్నయి. అందుకే అన్న రెండూ ఉంచుదామన్నడు. కార్డులకు విండోస్, నెట్ పనికి లైనక్స్.

ఒక డబ్బాలో రెండు ఎట్లుంటయి? మన హాస్టల్ గది చూడండి. పొద్దున అదే తరగతి గది, రాత్రి అదే పడక గది. గది ఒక్కటే, కానీ పాఠం, నిద్ర రెండూ ఒక్కసారి నడవవు. కంప్యూటర్‌ను నడిపించే పెద్ద ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. డిస్కులో రెండు ఉండొచ్చు. నడిచేది మాత్రం ఒక్కసారికి ఒక్కటే. రెండోది కావాలంటే ఆపి మళ్లీ ఆన్ చెయ్యాలి.

మాదన్నపేట పేరు తానాషా మంత్రి మాదన్న మీద వచ్చిందంటారు. అక్కన్న, మాదన్న అన్నదమ్ములు కలిసి పని చేసిన్రు. మన కంప్యూటర్లో ఈ అన్నదమ్ములు మాత్రం వంతుల మీదనే చేస్తరు.

అన్న చేసిన పద్ధతి:

1. మొదట ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసిండు. ఇది చెయ్యకుండా ముందుకు పోవద్దు.

2. విండోస్‌లోనే దాని జాగాను కొంచెం కుదించిండు. చేను మధ్య గట్టు పోసినట్టు అన్నమాట. దీన్ని పార్టిషన్ అంటారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనేది ఆపేసిండు. అది ఉంటే విండోస్ పూర్తిగా నిద్రపోదు, సగం మెలకువతో ఉంటది.

3. లుబుంటు అనే తేలిక లైనక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దాని నుంచే కంప్యూటర్ ఆన్ చేసిండు. డిస్కును ముట్టకుండా ముందు నడిపి చూడొచ్చు.

4. తర్వాత డిస్కులో వెయ్యడం. అన్న మౌస్ నా చేతికిచ్చిండు. తెర మీద ఇంగ్లీషులో ఉంది, నాకు సగమే అర్థమైంది. ఒకటి 'పక్కన వెయ్యి', ఇంకోటి 'డిస్కు మొత్తం చెరుపు'. నా బాణం రెండోదాని మీదికి పోయింది. అన్న గబుక్కున నా చెయ్యి పట్టుకున్నడు. "చెల్లె, అది నొక్కితే విండోస్, పేజ్‌మేకర్ అన్నీ పోతయి. ఫైళ్లకు కాపీ ఉంది గని మళ్ల అన్ని ఎక్కియ్యాలంటే పని ఆగుతది. సేటు నన్ను ఉంచుతడా?" అన్నడు. నా గుండె దడదడ కొట్టుకుంది. అన్న పంపే పైసలతోనే మా పెదనాయన ఇల్లు గడుస్తది. ఆ తర్వాత ప్రతి ముక్క అడిగి, అర్థమైనంకనే నొక్కిన.

5. ఇప్పుడు ఆన్ చేస్తే గ్రబ్ అనే చిన్న పట్టిక వస్తది. గేటు దగ్గర వాచ్‌మన్ లెక్క, "ఏ గది తియ్యాలె?" అని అడుగుతది. కొన్ని సెకన్లు చూసి, మనం ఏమీ చెప్పకపోతే మొదటిదే తెరుస్తది.

ఒక తమాషా. మర్నాడు మధ్యాహ్నం ఒకటిన్నరకు విండోస్ తెరిస్తే గడియారం పొద్దున ఎనిమిది చూపింది! లైనక్స్ లోపలి గడియారంలో ప్రపంచ కాలం రాస్తది. విండోస్ దాన్నే మన కాలం అనుకుంటది. మనకూ దానికీ ఐదున్నర గంటల తేడా. లైనక్స్‌లో ఒక్క ఆజ్ఞ ఇస్తే సరైపోయింది. ఇంకోటి, లైనక్స్ విండోస్ ఫైళ్లను చదువుతది, విండోస్ మామూలుగా లైనక్స్ జాగాను చదవలేదు.

లైనక్స్‌ను 1991లో ఫిన్లాండ్‌లో చదువుకునే లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిండు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ దాన్ని తెలుగులోకి తెచ్చింది. తెర మీద తెలుగు మాటలు చూస్తే మా నాయన గుర్తొచ్చిండు. ఆయన వేలిముద్ర వేస్తడు. ఆ మాటలు ఎవరో కూర్చొని రాసినవే. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరిలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఆ అక్షరాలు కంప్యూటర్లో రాయొచ్చు. రేపు గోండి మాటలు మనమే ఎందుకు రాయకూడదు?

మేడం గారికి ఒక మనవి. మన స్టోరు రూములో రెండు పాత కంప్యూటర్లు దుమ్ము పట్టి ఉన్నాయి. తుక్కు కింద వెయ్యకముందు ఒక్క ఆదివారం మాకు ఇవ్వండి. పెన్‌డ్రైవ్‌తో నడిపి చూస్తాము, ఏదీ చెరపము. చెరుపు అనే మాట ఎక్కడుంటదో నాకిప్పుడు బాగా తెలుసు.

ఇట్లు,
మీ నేస్తం, 9వ తరగతి