‘డెనిగ్రేట్’ అంటే తిట్టడమేనా?

ఇంగ్లీషు వ్యాసాల్లో, పిటిషన్లలో తరచూ కనబడే మాట డెనిగ్రేట్. కించపరచడం, చులకన చేయడం అని మేము రాసుకుంటాం. లాటిన్‌లో నలుపుకున్న పేరు నుంచి పుట్టింది; మసి పూయడమన్నమాట. నలుపే తప్పయినట్టున్న ఈ మాటతో మన అవమానం చెప్పుకోవాల్సి రావడం మాకెప్పుడూ ఇబ్బందే.

పని బాగాలేదంటే అది విమర్శ. కణేకల్ చెరువు కింద వరి నాటే అరవై ఏళ్ల దళితుణ్ణి, ఆసామి ఇంటి పదేళ్ల పిల్లోడు ‘ఏమిరా’ అంటే అది డెనిగ్రేట్ చేయడం. బూతు లేదు, కులం పేరూ లేదు. ఆయన వెనకాల పేరు చివర ‘గాడు’ తగిలించినా అంతే.

ఫిర్యాదు రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఆర్)లో ఈ మాట లేదు. అవమానించే ఉద్దేశంతో, నలుగురికీ కనబడే చోట, ఎస్సీ, ఎస్టీ కానివాళ్లు కావాలని దూషించినా బెదిరించినా అది వర్తిస్తుంది. కులం పేరుతో తిడితే 3(1)(ఎస్). 2008లో స్వరణ్ సింగ్ కేసులో ఇంటి గేటు ముందు తిట్టినా నలుగురి కంటబడే చోటేనని సుప్రీంకోర్టు చెప్పింది. 2020లో హితేష్ వర్మ కేసులో మాత్రం, బయటివాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య అన్న మాటలకు ఈ నేరం వర్తించదంది.

అందుకే ‘నన్ను కించపరిచాడు’ అని ఒక్క ముక్కతో వదిలేయకండి. అన్న మాట అన్నట్టే, మన యాసలోనే రాయండి. చెరువు కట్ట మీదనా, టీ అంగడి ముందరనా, ఎవరెవరు విన్నారు, అదీ రాయండి.